రూరు మండలమున బొగ్గు గనుల క్షయము – విశ్వవిద్యాలయముల పరిశోధనము

జర్మనీదేశపు పడమటిభాగమున రైను మహానదిలోఁ గలియు చిన్నయేఱు రూరు. ఆ యేటి పేరిటనే, దానికి ఉత్తరమున నున్న లిప్పె యేటివఱకు వ్యాపించిన భూభాగమంతయు రూరు మండలమని వ్యవహరింపఁబడుచున్నది. డూయిస్‌బుర్గు, ఎస్సెను, గెల్సెన్‌కిర్షెను, బోఖుము, డోర్ట్‌మున్డు అను నగరములు ఒకదాని పొలిమేర నొకటి యొరసికొని యచట వెలసినవి. జనసంఖ్య 50 లక్షలకుఁ బైఁబడినది. నూఱేండ్లకు మించి జర్మనీ కంతకును పొయ్యి వెలిఁగినది ఈ మండలపు నేలబొగ్గుతోడనే. ఆ బొగ్గునకు 1958 మొదలు గిరాకి తఱుగఁజొచ్చెను. 2018 డిసెంబరు 21వ తేదీని బొట్రాపు నగరమందలి ప్రోస్పెర్-హానియెల్ గని నుండి కడపటి బొగ్గుగడ్డను పైకిఁ దీసి జర్మనీ రాష్ట్రపతి చేతి కిచ్చుటతో ఆ కథ ముగిసెను. ఈ 60 ఏండ్ల కాలముననే అచట విశ్వవిద్యాలయములు వరుసగాఁ బుట్టినవి. మండలమును నిలిపినవి అవియే యని కొందఱును, అవి లేకున్నను జరుగవలసినది జరిగియే యుండెడిదని కొందఱును వాదింతురు. ఈ రెండు వాదములలో దేనియం దెంత బలమున్నదో కాలక్రమమునఁ బరిశీలించినఁ గాని తెలియదు.

ఇట్టి మార్పునకు జర్మనులు ‘స్ట్రుక్టూర్‌వాండెల్’ అను సంజ్ఞ నేర్పఱచుకొనిరి. కట్టుబడియే మాఱుట యని దాని యర్థము. ఇది వర్ణవికారము వంటిది కాదు. వర్ణము వికారమందినను పదము పదముగనే నిలుచును. ఇచట ప్రకృతియే పోయినది. వ్యాకరణపాఠమున ఆదేశము శత్రువువంటిదనియు, ఆగమము మిత్రునివంటిదనియు బాలురకుఁ జెప్పుదురు. మొదటిది స్థానిని వెడలఁగొట్టి దాని చోటఁ గూర్చుండును. రెండవది యున్నదానిని చెఱుపక ప్రక్కఁ జేరును. పోయిన బొగ్గునకు ఏది యాదేశముగాఁ దగునని రూరు మండలపు పాలకులు చిరకాలము వెదకిరి. విశ్వవిద్యాలయమును గూడ మొదట నట్లే తలఁచిరి.

బొగ్గు ప్రబలుటకు మునుపు ఈ మండలము విద్యాశూన్యము కాదు. భూపటముల నిర్మించుటలో లోకప్రసిద్ధుఁడైన మెర్కాటరు 1552 మొదలు 1594లో మరణించువఱకు డూయిస్‌బుర్గుననే నివసించెను. ఆ నగరమున 1655లో నొక విశ్వవిద్యాలయము స్థాపింపఁబడెను. అది చిన్నది, కలిమి లేనిది. అయినను 160 ఏండ్లకుఁ బైగా నడచెను. 1818లో ప్రష్యారాజు దక్షిణమున బాన్ నగరమందు క్రొత్త విశ్వవిద్యాలయమును నెలకొల్పుచు డూయిస్‌బుర్గుదానిని మూయించెను. దాని గ్రంథములలోఁ బెక్కు బాన్ నగరమునకుఁ దరలిపోయెను. లోఁతు గనులును ఉక్కు కొలుములును రూరు మండలమున విజృంభించినది దీని తరువాతనే. అనఁగా జర్మనీలో జనము మిక్కిలి దట్టముగఁ గ్రిక్కిఱిసిన చోట, ధనము మిక్కిలిగాఁ బుట్టిన చోట, 147 ఏండ్లు విశ్వవిద్యాలయ మనునదియే లేకపోయెను. కార్మికులు గుమిగూడిన చోట సైనికులును విద్యార్థులును ఉండరాదని చక్రవర్తి శాసించెనని యచట నొక వాడుక కలదు. దానిని వాడుకగనే గ్రహింపఁదగును. గనుల యజమానులకు విశ్వవిద్యాలయము అక్కఱ లేకుండె ననుట మాత్రము స్పష్టము. వారికిఁ గావలసినది మేస్త్రీలు, కొలతగాండ్రు. అందులకై బోఖుమున 1816లోనే గనిపని నేర్పు పాఠశాల యొకటి వెలసియుండెను. దాని ప్రసక్తి మరల వచ్చును.

విద్వాంసులు దగ్గఱ లేకపోవుటవలనఁ గలిగిన హానికి గెల్సెన్‌కిర్షెను నగరమున 1901లో జరిగినది చాలును. ఆ యేఁట నచట విషజ్వరము వ్యాపించి సుమారు 3,200 మంది పడకపడిరి. 300 మందికిఁ బైగా మరణించిరి. నగరమునకు నీ రిచ్చునది యొక కంపెనీ. రూరు ఏటి గట్టున నిసుకలో వడిసిన నీటినే యిచ్చుచున్నామని దాని మాట. వ్యాధికారణము విచారించుటకు బెర్లిను నుండి రాబర్టు కోఖు పండితుని రప్పింపవలసివచ్చెను. వడిసిన నీరు చాలనప్పుడు వడియఁగట్టని యేటినీటినే యొక గొట్టముద్వారా దానిలోఁ గలుపుచుండిరని విచారణలో బయలుపడెను. 1904లో వ్యాజ్యము న్యాయస్థానమున నడచినపుడు మ్యూనిఖు నుండి వచ్చిన ఎమ్మెరిఖు అను మఱియొక విద్వాంసుఁడు దోషము నీటిది కాదు, నగరపు నేల మాలిన్యముదే యని వాదించెను. ఆ వాదము కంపెనీవారి కెంతయు ననుకూలమయ్యెను. కడకు కల్తీ నేరమునకై జుల్మానాలు మాత్రము పడెను. అయితే ఆ యుపద్రవము నిష్ఫలము కాలేదు. 1902లో గెల్సెన్‌కిర్షెనుననే ఆరోగ్యశాస్త్ర పరిశోధనాలయ మొకటి స్థాపింపఁబడి నేఁటికిని నీటిని పరీక్షించుచున్నది. శాస్త్రజ్ఞులు ఇరువురు ఒకే నీటిని జూచి యిరుతెఱఁగులఁ జెప్పిన ఈ వ్యాజ్యము మఱవరానిది. దగ్గఱ నుండుట యెంత ముఖ్యమో, ఎవని పక్షమున నుండుట యనునదియు నంతే ముఖ్యము.

ఈ రెండవ విషయమునకు మ్యూల్‌హైము నగరపు చరిత్రము మంచి వ్యాఖ్యానము. అచట 1912లో బొగ్గు పరిశోధనకై యొక శాస్త్రసంస్థ స్థాపింపఁబడి 1914లో తెఱవఁబడెను. అది విశ్వవిద్యాలయము కాదు, కైజరు విల్హెల్ము సంఘమువారిది. దాని పోషణమునకు బొగ్గు యజమానులు ధనమిచ్చిరి. బొగ్గునుండి లాభము పెరుగు నుపాయములు వారికిఁ గావలెను. ఫిషరు, ట్రోప్షు అను నిరువురు రసాయనజ్ఞులు 1925లో బొగ్గు వాయువునుండి ద్రవతైలమును జేయు మార్గమును గనుఁగొని వారి కోరిక నెఱవేర్చిరి. 1943లో ఆ సంస్థకు అధ్యక్షుఁడుగాఁ బిలువఁబడిన కార్ల్ సీగ్లరు మాత్రము ఒక నియమము పెట్టెను. తాను బొగ్గునకే కట్టువడననియు, అంగారసంయోగముల రసాయనశాస్త్రమునం దెచ్చట నిచ్ఛ కలిగిన నచ్చటఁ బరిశోధింతు ననియు నతని నియమము. సంస్థవారు సమ్మతించిరి. 1953లో నతఁడు తన సహాధ్యాయులతోఁ గూడి, అధికమైన యొత్తిడి లేకయే పాలిథీనును జేయఁగల ఉత్ప్రేరకములఁ గనిపెట్టెను. 1963లో ఇటలీ దేశీయుఁడైన నట్టాతోఁ గలసి నోబెలు బహుమానమందెను. ఆ పేటెంట్ల రాఁబడి ఆ సంస్థనే పెక్కేండ్లు పోషించెను. బొగ్గు యజమానుల ధనముతో నారంభమైన పరిశోధనాలయము వారి యానతిని దాఁటి నడచినందుననే బొగ్గు పోయిన తరువాతఁ గూడ నిలిచినది. 2021లో బెన్యమిను లిస్టు అను నచటి పండితునకు మరల నోబెలు బహుమానము వచ్చుటయు నిందుల కుపబలకము.

ఇఁక 1958వ సంవత్సరము. దూరదేశపు బొగ్గు చౌక. ఖనిజతైలము అంతకంటెఁ జౌక. రూరు గనుల ముందు అమ్ముడుపోని బొగ్గు కొండలుగఁ బెరుగఁజొచ్చెను. 1957 నాఁటికి పశ్చిమజర్మనీలో రాతిబొగ్గు పరిశ్రమ నాశ్రయించి 6 లక్షలకు మించి జనము జీవించుచుండిరి. గనుల నన్నింటిని కొన్ని కొన్నిగా మూయుచు, మిగిలినవానిని 1968లో రూర్‌కోలె యను నొక్క కంపెనీక్రిందికిఁ జేర్చిరి. ఇట్టి స్థితిలో 1961 జూలై 18వ తేదీని ఆ రాష్ట్రపు శాసనసభ బోఖుము నగరమున విశ్వవిద్యాలయము స్థాపింప నిర్ణయించెను. దానికై డోర్ట్‌మున్డు నగరము చిరకాలము ప్రయత్నించి నిరాశఁ జెందెను. పిదప 1968లో దానికిని ఒకటి లభించెను. బోఖుము విశ్వవిద్యాలయము 1965 జూన్ 30వ తేదీని ప్రారంభోత్సవమందెను. జర్మన్ ఫెడరల్ రిపబ్లికు ఏర్పడిన పిదపఁ బుట్టిన విశ్వవిద్యాలయములలో నదియే మొదటిది. ఎస్సెను, డూయిస్‌బుర్గులలో 1972లోను, దూరవిద్యకై హాగెనున 1974లోను తక్కినవి వెలసెను. డూయిస్‌బుర్గున 1818లో మూయఁబడిన ద్వారము ఆ విధమున 154 ఏండ్లకు మరలఁ దెఱవఁబడినది.

బోఖుము విశ్వవిద్యాలయ నిర్మాణము ఇంకను నారంభము కాకమునుపే, 1962లో, ఆ నగరమున ఓపెలు కంపెనీవారి మోటారుకార్ల కర్మాగారము డానెన్‌బౌము అను ప్రాఁతగని నేలమీఁద లేచెను. జనులు దానినే బొగ్గునకు నిజమైన యాదేశముగా భావించిరి. భావించుట సరియే, ఆదేశము స్థాని ధర్మములఁ బొందునని పాణినీయుల మతము గదా. ఒక్క యజమాని, వేలకొలఁది కార్మికులు, దూరదేశమున జరుగు నిర్ణయములు – ఈ ధర్మములన్నియు గని నుండి కర్మాగారమునకు సంక్రమించెను. ఉచ్చదశలో 20,000 మందికిఁ బైగా నందుఁ బనిచేసిరి. 2014 డిసెంబరులో నది మూఁతపడెను. అంతకుమునుపే, 2008లో, బోఖుమునందలి నోకియా దూరవాణి యంత్రాగారము సుమారు 2,300 మందిని విడిచి రుమేనియాలోని క్లూజ్ నగరమునకుఁ దరలెను. 2011లో క్లూజు కర్మాగారమును మూసిరి. నోకియాతో వచ్చిన కల్పనాకారుల వర్గము మాత్రము చెదరలేదు. వారు మొదట బ్లాక్‌బెరీవారి యాజమాన్యముననుండి, 2014లో ఫోక్స్‌వాగెనువారిక్రిందికి వచ్చి, బోఖుముననే నిలిచిరి. ఒకే కంపెనీ తెచ్చిన రెండు విధముల పనులలో నొకటి పోయి యొకటి నిలుచుట విచారణార్హము.

విశ్వవిద్యాలయమే స్వయముగా బొగ్గునకు బదులుగ నిలిచెనా యన్నచో, మొదటి యిరువది యేండ్లు నిలిచినట్లు తోఁపదు. బోఖుము ఊరికి దక్షిణమునఁ గొండవాలున కాంక్రీటు సౌధములు లేచినవి. లోపల ప్లేటో మొదలు పదార్థవిజ్ఞానమువఱకు సకలశాస్త్రములును జర్మనీలోఁ దక్కినచోట్లఁ బ్రవచింపఁబడునట్లే ప్రవచింపఁబడుచుండెను. క్రిందనున్న ఊరితో వాని కెక్కువ సంబంధము లేకుండెను. అది దోషమని చెప్పువారు ఒక లాభమును మఱచుచున్నారు. గనికార్మికుని కొడుకును కూఁతురును ఇల్లు విడువక, ట్రాముబండిలోఁ బోయి పట్టభద్రులగుట ఆ మండలమున నదివఱకు వినని మాట. ఈ విద్యాదానము గొప్పది. కాని విద్యాదానము వేఱు, పరిశోధనము వేఱు. పట్టభద్రుఁడు మ్యూనిఖునకో స్టుట్‌గార్టునకో పోవచ్చును. మండలమును గుఱించిన జ్ఞానము మండలముననే యుండును.

ఆ జ్ఞానములో నెల్ల మిక్కిలి చేఁదైనది, మిక్కిలి యుపకరించినదియు, 1993లో వెలువడిన గ్రాబెరు అను పండితుని విమర్శ. ఇతఁడు రూరు మండలీయుఁడు కాఁడు. రూరు ఎందులకు మాఱలేకపోయె నను ప్రశ్నకు, బలహీనతచేఁ గాదు, బలముచేతనే యని యతఁడు బదులు చెప్పెను. బొగ్గు, ఉక్కు, వానికి యంత్రములు చేయువారు, వారిని బరిపాలించు నధికారులు, కార్మికసంఘములు – వీరందఱు ఒకరి నొకరు నెన్నఁడో యెఱిఁగినవారు. ఆ గాఢమైత్రియే వారిని వెలుపలి లోకమును జూడనీయలేదు. ఉక్కు గిరాకి తఱిగినపుడెల్ల అది తాత్కాలికమని యొకరి కొకరు చెప్పుకొని నమ్మిరి. యంత్రనిర్మాతలు ఇరుగుపొరుగు గనులకే వస్తువుల నమ్ముచుండుటచే క్రొత్తవారి నాశ్రయించు నేర్పు వారికి లేకపోయెను. దీని కనుబంధముగ భూనిరోధ మొకటి కలదు. గనుల కంపెనీలు తమ పాడుపడిన భూములను గూడ నితరుల కమ్మక బిగపట్టిరి; పోటీకి వచ్చువారు తమ పనివారి నాకర్షింతురని వారి భయము. రాష్ట్రప్రభుత్వము 1980లో ప్రత్యేకనిధి నేర్పఱచి యట్టి భూములఁ గొని శుద్ధిచేయ నారంభించువఱకు ఈ ముడి వీడలేదు. రోగి బంధువులందఱు గూడి రోగము లేదని చెప్పుచుండఁగా, నాడి పట్టి చూచి చెప్పు వైద్యుఁడు పరాయివాఁడైనను మేలు.

ఇట్టి చూపు లోపలినుండియుఁ గలుగఁదొడఁగెను. డోర్ట్‌మున్డు విశ్వవిద్యాలయము 1969లోనే భూభాగముల యోజనా నిర్మాణశాస్త్రమునకుఁ బ్రత్యేకశాఖను దెఱచెను. నగరనిర్మాత, ఆర్థికజ్ఞుఁడు, న్యాయవేత్త, భూగోళజ్ఞుఁడు ఒక్కచోఁ గూర్చుండి ఒకే ఊరిని జదువుట అందలి విశేషము. పాడుపడిన గనినేలలు వారి పాఠ్యగ్రంథము లయ్యెను. 1985లో ఆ విశ్వవిద్యాలయపు ప్రక్కనే సాంకేతికవిద్యా కేంద్రము తెఱచి, పరిశోధకులు చిన్న కంపెనీలను బెట్టుకొనుటకుఁ దావిచ్చిరి. 1989 మొదలు 1999 వఱకు పది సంవత్సరములు ఎంషెరు పరిసరములఁ బునరుద్ధరించు మహాప్రయత్నము జరిగెను. ప్రాఁతగనులను బడఁగొట్టక నిలుపవలెనని యప్పుడే స్థిరపడెను. ఎస్సెను నగరపు త్సోల్‌ఫెరైను గని 2001లో ప్రపంచవారసత్వ స్థలముగఁ బరిగణింపఁబడినది ఈ యోజనా ఫలమే.

ఎంషెరు ఏటి కథ కొంత విపులముగఁ జెప్పఁదగినది. బొగ్గు తీసిన చోట్ల భూమి క్రుంగును. రూరు మండలమునఁ గొన్ని యెడల 20 మీటర్లకు మించి క్రుంగినది. భూమి క్రుంగుచుండఁగా నేలలోపల మురుగుకాలువలు నిలువవు, పగులును. అందుచే 1899లో ఏర్పడిన ఎంషెరు సంఘము ఆ యేటినే తిన్నని కాలువగఁ జేసి, కాంక్రీటు పఱచి, నగరముల మురుగంతయు దానిలో విడిచెను. నూఱేండ్లు అది పేరునకు ఏఱు, వాస్తవమునకు తెఱచిన మురుగుకాలువ. గనులు ఉత్తరమునకుఁ దరలి భూమి కదలుట మానిన పిదప 1992లో పునర్నిర్మాణ మారంభమై, సుమారు 51 కిలోమీటర్ల భూగర్భపు కాలువ నిర్మింపఁబడి, 2021 ముగియునప్పటికి ఎంషెరు మురుగువలన విముక్తమయ్యెను. వ్యయము 500 కోట్ల యూరోలకు మించెను. ఇంజినీరుల పని అంతటితో ముగిసినది. అచటనే శాస్త్రజ్ఞుల పని యారంభమైనది. నీరు శుభ్రపడిన మాత్రమున జలచరములు తిరిగివచ్చునా? ఏది మొదట వచ్చును, ఏది రాదు, రానిది ఎందులకు రాదు? డూయిస్‌బుర్గు-ఎస్సెను విశ్వవిద్యాలయము 2021 మొదలు ఎంషెరున కుపనదియైన బోయె వాఁగును ఈ ప్రశ్నలతోఁ బరిశోధించుచున్నది. ఆ వాఁగును ఒకప్పుడు మురుగుకాలువయే. చెడిపోయిన యేఱు ఎట్లు చెడినదో లోకమున నంతటఁ దెలియును. మరలిన యేఱు ఎట్లు మరలునో తెలిసికొనుటకుఁ దగిన స్థలములు మిక్కిలి తక్కువ. ఇచట మండలముయొక్క యాపదయే శాస్త్రమునకు ధనమైనది.

నేలయు నీరును గాక మండలమునకు మనుష్యులు కలరు. 1980 మొదలు ఎస్సెను విశ్వవిద్యాలయపు చరిత్రకారులు నీత్‌హామరు అను నాచార్యుని యాధ్వర్యమున గనికార్మికుల, ఉక్కుకార్మికుల, వారి భార్యల యిండ్లకుఁ బోయి వారి జీవితకథలను ధ్వనియంత్రములలో నెక్కించిరి. ఆ గ్రంథములు 1983 మొదలు 1985 వఱకు మూఁడు సంపుటములుగ వెలువడెను. శాసనములును ప్రభుత్వపత్రములును జదివి కాలవిభాగము చేయుట చరిత్రకారులకు వాడుక. 1933లో నాజీలు వచ్చిరి, 1939లో యుద్ధము వచ్చెను, 1945లో నది ముగిసెను అని వారు గీఁతలు గీయుదురు. వృద్ధకార్మికుల జ్ఞాపకములో గీఁతలు వేఱుచోటఁ బడినవి. 1930ల నడుమ పని దొరకిన యేండ్లు వారికి ‘మామూలు కాలము’. యుద్ధపు నడిమినుండి 1948లో నాణెము మాఱువఱకు ‘చెడ్డకాలము’. ఇది వినుట పరిశోధకులకు సుఖము కాలేదు. నాజీల యేలుబడిని మంచికాలముగఁ దలఁచుకొను పేదవారి మాటను వ్రాయుట కష్టమే. వారు దానిని దాఁచలేదు, దిద్దలేదు. ఎందుల కట్లు తలఁచిరో విచారించిరి. గని మూసిన పిదప ఆ మనుష్యులు గణాంకములలో ‘అధికశ్రామికులు’ అను పేరఁ గనఁబడుచుండిరి. ఈ సంపుటములలో వారు కర్తలుగఁ గనఁబడిరి.

భాష విషయమునను ఇట్లే జరిగెను. 19వ శతాబ్ది చివర పోలిషు మాటలాడు వలసవారు లక్షలకొలఁదిగ రూరు గనులకు వచ్చిరి. అందుచే రూరువారి వాడుకభాష పోలిషుతోఁ గలిసి చెడిన జర్మనుభాషయని బడిపంతుళ్లు చెప్పుచు, పిల్లల నోట నది వినఁబడినపుడు మందలించుచుండిరి. బోఖుము, డూయిస్‌బుర్గు విశ్వవిద్యాలయముల భాషాశాస్త్రజ్ఞులు దానిని సేకరించి పరిశీలింపఁగా పోలిషు మాటలు స్వల్పముగనే దొరకెను. ఉచ్చారణమునకును విభక్తి వ్యత్యయములకును మూలము ఆ భూమిమీఁద నంతకుమునుపే యుండిన నిమ్నజర్మను మాండలికము లని తేలెను. పంతుళ్లు అపశబ్దమని కొట్టివేసినది వలసవారివలనఁ బుట్టిన దోషము కాదు. ఆ నేలలోని ప్రాఁతభాష పైకిఁ దొంగిచూచుటయే. ఈ నిర్ణయమువలన నొక ఉద్యోగమైనఁ బుట్టినదా యని యడుగువా రుందురు. పుట్టలేదు. తన మాట తప్పని నమ్మించఁబడిన బాలుఁడు మాత్రము విశ్వవిద్యాలయపు మెట్టెక్కుటకు జంకును. శబ్దసాధుత్వమును నిర్ణయించు పండితులు ఈ యంశమును దలఁపఁదగును.

2014లో మూయఁబడిన ఓపెలు నేల ఇప్పుడు ‘మార్క్ 51-7’ అను పేరఁ బిలువఁబడుచున్నది. ఆ యంకెలు ఆ స్థలముయొక్క అక్షాంశ రేఖాంశములు. బోఖుము విశ్వవిద్యాలయమున 2002లో గూఢలిపి శాస్త్రమునకును కంప్యూటరుల రక్షణకును ఒక పరిశోధనా సంస్థ స్థాపింపఁబడియుండెను. ఎవరును నగరపు రక్షకముగ దాని నప్పుడు పరిగణింపలేదు. అచటి విద్వాంసులనుండి 2004లో పుట్టిన యొక చిన్న కంపెనీని 2012లో బాష్ సంస్థవారు కొనిరి. 2019లో ఆ శాస్త్రమునకే యొక మాక్సు ప్లాంకు సంస్థ బోఖుమునకు వచ్చెను. ఓపెలువారి ప్రాఁత కార్యాలయ సౌధము పడఁగొట్టక నిలుపఁబడి, అందు విశ్వవిద్యాలయపు శిల్పశాల నడచుచున్నది. దీనిని జూపి, విశ్వవిద్యాలయము ఓపెలునకు బదులైనదని చెప్పువారు తొందరపడుచున్నారు. కార్లు బిగించిన చేతులును గూఢలిపులు కట్టు చేతులును ఒకటి కావు. పనిపోయిన వారిలోఁ బెక్కురకు ఆ భవనములలోఁ జోటు లేదు. ఇచట జరిగినది ఆదేశము కాదు. వేఱొకచో నెమ్మదిగఁ బెరిగినది ఖాళీయైన నేలకు వచ్చి చేరినది.

ఈ చరిత్రమునకు మఱియొక ప్రక్క కలదు. 1960లో ఒక్క విశ్వవిద్యాలయమును లేని మండలమున నేఁడు రెండులక్షలకు మించి విద్యార్థులు కలరు. అయినను గెల్సెన్‌కిర్షెను జర్మనీలో నిరుద్యోగము మిక్కిలి హెచ్చుగనున్న నగరములలో నొకటిగనే యున్నది. మండలముయొక్క దక్షిణార్ధమున విశ్వవిద్యాలయములు, ఉత్తరార్ధమున మూయఁబడిన గనులు – నడుమ నొక రాచబాట. ఆ బాట దాఁటుట దూరముచేఁ గాదు, అలవాటులేమిచేఁ గష్టము. గెల్సెన్‌కిర్షెనునందలి ఉన్నతవిద్యాలయము 2011 మొదలు తన వారిని బడులకుఁ బంపి, చదువఁగల పిల్లలను వారి యిండ్ల స్థితిగతులతోడ వెదకించుచున్నది. నూఱేండ్ల క్రిందట గనుల యజమానులు పనివారికై తూర్పుదేశముల గ్రామములకు మనుష్యులను బంపిరి. అట్టి వెదకుటయే ఇప్పుడు చదువునకై జరుగుచున్నది.

తెలుఁగుదేశమునకు ఈ కథ దూరము కాదు. ఇల్లెందు ప్రాంతమున 1889లో బొగ్గు త్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కంపెనీ యాపేర నేర్పడెను. గోదావరీ లోయయందలి కొత్తగూడెము, రామగుండము మొదలగు నూళ్లు ఆ బొగ్గుమీఁదఁ బెరిగినవే. 1990 ప్రాంతమున లక్షకుఁ బైగానుండిన సింగరేణి కార్మికుల సంఖ్య 2020 నాఁటికి సగమునకు లోఁబడినది. భూగర్భపు గనులు తఱిగి, పైనుండి త్రవ్వు గనులు హెచ్చినవి. కొత్తగూడెమున 1978లో స్థాపింపఁబడిన గనిశాస్త్ర కళాశాలను 2025లో తెలంగాణ ప్రభుత్వము భూవిజ్ఞాన విశ్వవిద్యాలయముగఁ జేసెను. బొగ్గు ఇంకను దొరకుచుండఁగనే యిట్టి విద్యాస్థానము గనుల యొద్ద వెలయుట రూరు మండలమునకు లభింపని యవకాశము. ఊరి నీటిమట్టము, క్రుంగిన నేల, గోండు కోయ తెగలవారి భూములు, గనిలోపలి పనివాని మాటలు – వీనిలో దేనిని దాని పండితులు తమ శాస్త్రమునకు విషయముగఁ జేసికొందురో, కంపెనీకి రుచింపని ఫలితము వచ్చినపుడు దానిని బ్రకటింతురో లేదో ముందు చూడవలసియున్నది.

బోఖుమున 1816లో వెలసిన గనిపాఠశాల ఇప్పుడు సాంకేతిక ఉన్నతవిద్యాలయమై యున్నది. గనిలో నీరూఱిన చోట దానిని పైకిఁ దోడి బొగ్గును ద్రవ్వుట యెట్లో నేర్పుట దాని తొలిపని. ఇప్పుడు బొగ్గు లేదు. నీరు మాత్రము ఊఱుచునే యున్నది. తోడుట మానినచో లోపలి ఉప్పునీరు త్రాగునీటిలోఁ గలియును. క్రుంగిన పల్లములలో ఏళ్లు వెనుకకుఁ దన్ని ఊళ్లను ముంచును. కావున 2007లో ఒక ధర్మనిధి యేర్పఱుపఁబడి, గనులు మూసిన పిదప 2019 మొదలు ఏఁటేఁట 20 కోట్ల యూరోలకుఁ బైగా నా పనికి వెచ్చించుచున్నది. జర్మనులు దానికి ‘శాశ్వతభారము’ అని పేరిడిరి. నీటిమట్టమును ఎంతవఱకు లేవనీయవచ్చును, ఏ గొట్టమును ఎన్నఁడు ఆఁపవచ్చును, ప్రాఁతగనుల మార్గములు ఎచట నెచట భూమిక్రింద నున్నవి అను విషయములఁ బరిశోధించుటకు 2015లో ఆ పాఠశాలలోనే గనులు మూసిన తరువాతి శాస్త్రమునకు ఒక కేంద్రము తెఱవఁబడెను. కొలతగాండ్రు 19వ శతాబ్దిలో గీసిన గనిపటములను అచట మరల విప్పి చదువుచున్నారు.